అప్పులు తీర్చే ఉచిత సేవ: ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూసి ఎంచుకోవాలి

క్లుప్తంగా: క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్, యాప్ లోన్ కలిసి మెడకు చుట్టుకున్నప్పుడు అసలు కావలసింది వాయిదా తగ్గడం కాదు, వడ్డీ ఆగడం. బ్రిటన్‌లో ఉచిత సంస్థలు ఆ పని చేయగలుగుతున్నాయంటే, వాటి ఖర్చులో కొంత అప్పిచ్చిన బ్యాంకులే భరిస్తున్నాయి. మన దేశంలో అలా అప్పిచ్చిన వాళ్లందరితోనూ ఒకేచోట మాట్లాడిపెట్టే ఉచిత వ్యవస్థ లేదు. ఆ ఖాళీలోకి, బాకీలో కొంత కట్టించి మిగతాది రద్దు చేయిస్తామంటూ ఫీజు తీసుకునే సెటిల్‌మెంట్ కంపెనీలు వచ్చాయి. అవి చేసే పనిలో ఎక్కువ భాగం బ్యాంకు, జిల్లాలో బ్యాంకులను సమన్వయం చేసే లీడ్ బ్యాంకు సలహా కేంద్రం, లోక్ అదాలత్, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ద్వారా పైసా ఖర్చు లేకుండా సాధ్యమే. కాకపోతే ఏ పనికి ఏ తలుపు తట్టాలో తెలియాలి.

## ఈ ప్రకటనలు ఎందుకు పెరిగాయి

‘మీ అప్పు సగానికి సగం తగ్గిస్తాం’, ‘రికవరీ ఫోన్లు మేం చూసుకుంటాం’ అంటూ తెలుగులో వీడియో ప్రకటనలు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. కొన్నింటిలో ‘ఉచిత సలహా’ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఉచితం మొదటి ఫోన్ కాల్ వరకేనా, చివరిదాకానా అన్నది మాత్రం ప్రకటనలో ఉండదు.

దీని వెనక కొన్నేళ్ల కథ ఉంది. హామీ లేని అప్పు దొరకడం బాగా తేలికైంది. జీతం పడే ఖాతా ఉంటే కార్డు వస్తుంది, ఆధార్, పాన్ ఉంటే యాప్‌లో నిమిషాల్లో డబ్బు పడుతుంది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయాక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరుసగా కేసులు పెట్టారు. 2022 సెప్టెంబరులో ఆర్‌బీఐ డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు తెచ్చింది. హామీ లేని వినియోగదారుల రుణాలు మరీ వేగంగా పెరుగుతున్నాయని భావించి, 2023 నవంబరు 16న ఆ రుణాలకు బ్యాంకులు చూపాల్సిన రిస్క్ వెయిట్‌ను, అంటే ఎంత సొంత మూలధనం పక్కన పెట్టాలో తేల్చే కొలతను, 100 నుంచి 125 శాతానికి పెంచింది. దాంతో కొత్త అప్పు తెచ్చి పాతది తీర్చే దారి ఇరుకైంది. తిప్పుకుంటూ వచ్చినవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. ప్రకటనలు వెతుకుతున్నది సరిగ్గా ఇలా ఆగిపోయినవాళ్లనే.

## ఒక ఇంటి లెక్క

విజయవాడలో నెలకు 46,000 రూపాయలు చేతికొచ్చే ఒక ప్రైవేటు ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. అద్దె, సరుకులు, పిల్లల ఫీజులు, మందులు పోను నెలకు 12,000 మిగులుతుంది. అప్పులు మూడు: కార్డు మీద 1,20,000, పర్సనల్ లోన్ 3,00,000, యాప్ లోన్ 60,000. మొత్తం 4,80,000.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. అంటే నెలకు 4,200. దాని మీద 18 శాతం జీఎస్టీ 756. మొత్తం 4,956. కార్డు బిల్లులో కనిపించే ‘మినిమమ్ డ్యూ’, అంటే ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం, 5 శాతం చొప్పున 6,000 అనుకుంటే, అది కట్టిన నెలలో అసలు తగ్గేది 1,044 రూపాయలే. మన భాషలో చెప్పాలంటే జీఎస్టీతో కలిపి నూటికి నాలుగు రూపాయల పైచిలుకు వడ్డీ. ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే ‘అమ్మో’ అనే ఇంట్లో ఈ నాలుగు రూపాయల వడ్డీ చప్పుడు లేకుండా నడుస్తుంటుంది. బిల్లు మీద అది ‘3.5’ అన్న చిన్న అంకెగా కనబడటమే అందుకు కారణం.

పర్సనల్ లోన్ ఏడాదికి 16 శాతం, ఇంకా 36 నెలలు ఉందనుకుంటే వాయిదా దాదాపు 10,500. యాప్ లోన్ ఏడాదికి 30 శాతం చొప్పున 12 నెలల్లో తీరాలంటే వాయిదా దాదాపు 5,800. మూడూ కలిపి నెలకు 22,300 కట్టాలి. చేతిలో ఉన్నది 12,000. నెలనెలా 10,300 లోటు.

ఇప్పుడు వాయిదాలు పక్కనపెట్టి వడ్డీ ఒక్కటే చూద్దాం. కార్డుకు 4,956, పర్సనల్ లోన్‌కు 4,000, యాప్‌కు 1,500. మొత్తం 10,456. ఈ ఇంట్లో మిగిలే 12,000లో అసలుకు చేరేది 1,544. ఇదే సగటు వడ్డీతో నెలకు 12,000 చొప్పున కడుతూ పోతే అప్పు తీరడానికి 95 నెలలు, అంటే దాదాపు ఎనిమిదేళ్లు పడుతుంది. చెల్లించేది 11 లక్షల పైనే. అదీ అప్పులవాళ్లు ఊరుకుంటే. నిజానికి వాయిదా తగ్గిన మొదటి నెల నుంచే జరిమానాలు, ఫోన్లు మొదలవుతాయి.

అదే వడ్డీ పూర్తిగా ఆగితే? 4,80,000ను 12,000తో భాగిస్తే సరిగ్గా 40 నెలలు.

మనిషి అదే, జీతం అదే, కట్టేదీ అంతే. 95 నెలలకూ 40 నెలలకూ మధ్య ఉన్న తేడా అంతా వడ్డీదే. అప్పుల నిర్వహణ సేవ విలువను దీనితోనే కొలవాలి. నెలవారీ వాయిదాను చిన్నది చేసి, వడ్డీని నడవనిచ్చే పథకం మోసే కాలాన్ని పొడిగిస్తుందే తప్ప బరువును దించదు.

## విదేశాల్లో ఉచితం ఎలా సాధ్యమైంది

బ్రిటన్‌లో దీన్ని ‘డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్’ అంటారు. 1993లో మొదలైన స్టెప్‌చేంజ్ అనే ధార్మిక సంస్థ వంటివి దీన్ని ఉచితంగా నడుపుతున్నాయి. సలహాదారు ఇంటి ఆదాయ వ్యయాల పట్టిక రాస్తారు. మిగిలేదెంతో తేలుస్తారు. దాన్ని అప్పుల నిష్పత్తిలో పంచుతారు. మన ఉదాహరణలో కార్డుకు 3,000, పర్సనల్ లోన్‌కు 7,500, యాప్‌కు 1,500 వస్తుంది. ఆ పట్టికతో అందరు అప్పులవాళ్లకూ ఒకే ప్రతిపాదన వెళుతుంది. వడ్డీ, జరిమానాలు ఆపమని అడుగుతారు. చట్టప్రకారం ఆపి తీరాలని లేదు, కానీ చాలామంది ఒప్పుకుంటారు. కార్డుకు వచ్చే ఆ 3,000 చూడండి. దాని నెల వడ్డీ 4,956. వడ్డీ ఆగకపోతే ఆ పంపకంలో కార్డు అప్పు ప్రతి నెలా పెరుగుతుంది. పథకానికి గుండెకాయ ఎక్కడుందో ఈ ఒక్క వరుసలో తెలుస్తుంది.

బ్యాంకులు ఎందుకు ఒప్పుకుంటాయి? ఎగవేతకు పోయే అప్పు కంటే నెమ్మదిగానైనా వచ్చే అసలు వాటికి మేలు. వసూలైన మొత్తంలో కొంత వాటాను ఆ సంస్థకు విరాళంగా ఇస్తాయి. అప్పులు తీర్చేవాడు కట్టిన ప్రతి పౌండూ అప్పుకే జమవుతుంది, నిర్వహణ ఖర్చు బ్యాంకు వాటాలోంచి వస్తుంది. దీనికి తోడు 2021 మే 4 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో ‘బ్రీతింగ్ స్పేస్’ చట్టం ఉంది. సలహాదారు ద్వారా అందులో చేరితే 60 రోజులపాటు చాలా రకాల అప్పుల మీద వడ్డీ, వసూలు చర్యలు ఆగుతాయి. అక్కడ కార్డు అప్పుల్లో ఇరుక్కున్న తెలుగు కుటుంబాలు ఫీజు అడిగే సంస్థ దగ్గరకు వెళ్లే ముందు ఈ దారి చూడటం మంచిది.

అమెరికాలో 1951 నాటి జాతీయ సమాఖ్య కింద లాభాపేక్ష లేని సలహా సంస్థలు ఉన్నాయి. కార్డు వడ్డీ తగ్గించే ఒప్పందాలు వాటికి ముందుగానే ఉంటాయి. సలహా సాధారణంగా ఉచితం, ప్లాన్‌కు చిన్న నెలవారీ రుసుము ఉండొచ్చు. ఫోన్ ద్వారా సెటిల్‌మెంట్ సేవలు అమ్మే లాభార్జన కంపెనీలు కనీసం ఒక అప్పైనా సెటిల్ చేయకముందే ఫీజు తీసుకోరాదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2010లో నిషేధించింది. ముందు ఫీజు తీసుకునే పద్ధతి వల్ల జనం ఎంత నష్టపోయి ఉంటే ఆ నిబంధన అవసరమైందో ఊహించవచ్చు.

## మన దగ్గర ఆ కుర్చీ ఖాళీ

ప్రయత్నం జరగలేదని కాదు. బ్యాంక్ ఆఫ్ ఇండియా ‘అభయ్’ పేరుతో, ఐసీఐసీఐ బ్యాంకు ‘దిశ’ పేరుతో సలహా కేంద్రాలు ప్రారంభించాయి. 2009 ఫిబ్రవరిలో ఆర్‌బీఐ ఆర్థిక అక్షరాస్యత, రుణ సలహా కేంద్రాలకు ఒక నమూనా పథకం ప్రకటించింది. అప్పుల్లో మునిగినవాళ్లకు ఉచితంగా సలహా ఇవ్వాలి, బ్యాంకుకు రికవరీ ఏజెంట్లుగా మారకూడదు అన్నది అందులోని ఆలోచన. సరైన ఆలోచనే. అయితే 2012లో మార్గదర్శకాలు మారాయి. కేంద్రాల పేరులోంచి ‘రుణ సలహా’ పోయి, ‘ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు’గా మిగిలాయి. ఖాతా తెరవడం, పొదుపు, బీమా, డిజిటల్ చెల్లింపుల మీద శిబిరాలు ప్రధానమయ్యాయి. అవీ కావలసినవే. కానీ మూడు చోట్ల అప్పున్న మనిషి తరఫున ముగ్గురికీ ఒకే ఉత్తరం రాసే మనిషి ఆ ఏర్పాటులో కనిపించడు.

చట్టం వైపు నుంచీ ఇదే పరిస్థితి. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం, చిన్న అప్పులు రద్దు చేసే ‘ఫ్రెష్ స్టార్ట్’ అనే ఏర్పాటు రాశారు. ఏడాది ఆదాయం 60,000 మించకూడదు, ఆస్తులు 20,000 మించకూడదు, అప్పు 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. అంత చిన్న పరిధి గల భాగం కూడా సామాన్యుల విషయంలో అమల్లోకి రాలేదు. వ్యక్తులకు సంబంధించి 2019 డిసెంబరు 1 నుంచి అమలైంది కంపెనీ అప్పులకు హామీ ఉన్నవారి వరకే. కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో మామూలు మనిషికి ఇప్పటికీ మిగిలింది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. దాని కింద వేసే పిటిషన్‌నే జనం ‘ఐపీ పెట్టడం’ అంటారు. 500 రూపాయల అప్పున్నా ఐపీ పెట్టొచ్చని ఆ చట్టంలో ఉంది, అది ఏ కాలం నాటిదో చెప్పడానికి ఆ అంకె చాలు. ఐపీ పెడితే ఆస్తి కోర్టు నియమించే రిసీవర్ చేతికి వెళుతుంది. అందువల్ల జీతం మీద బతికే కుటుంబానికి ఇది వాడుకలో ఉన్న దారి కాదు.

## సెటిల్‌మెంట్ కంపెనీల లెక్క

ఈ ఖాళీలోకి వచ్చినవే ఫీజు కంపెనీలు. వీటికి ఆర్‌బీఐ నుంచి ప్రత్యేక లైసెన్సు విధానం ఏదీ లేదు. అన్నీ మోసమని అనడం సరికాదు, కొన్ని చెప్పిన పని చేస్తాయి. పరిశీలించాల్సింది ఆ పని నడిచే తీరు.

సాధారణంగా సలహా ఇలా ఉంటుంది: వాయిదాలు కట్టడం ఆపండి, ఆ డబ్బు విడిగా పోగేయండి, కొన్ని నెలల తర్వాత బ్యాంకు దిగొస్తుంది, అప్పుడు బేరం చేద్దాం. మన ఉదాహరణలోని కార్డుకే దీన్ని వర్తింపజేద్దాం. పది నెలలు కట్టకపోతే 3.5 శాతం చక్రవడ్డీతో 1,20,000 కాస్తా దాదాపు 1,69,000 అవుతుంది. వడ్డీ మీద జీఎస్టీ కలిపితే 1,78,000. ఆలస్య రుసుములు దీనికి అదనం. అప్పుడు ‘సగానికి సగం మాఫీ’ అంటే కట్టేది 89,000. కంపెనీ ఫీజు మొదట ఉన్న అప్పులో 15 శాతం అనుకుంటే 18,000, జీఎస్టీ 3,240. మొత్తం 1,10,240. మొదట ఉన్న 1,20,000తో పోలిస్తే కలిసొచ్చింది 9,760 రూపాయలు.

పది నెలలు వడ్డీ కట్టలేదు కదా, అదీ లాభమే కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ లాభం బ్యాంకుతో తానే నేరుగా మాట్లాడుకున్న మనిషికీ వస్తుంది, అతనికి ఫీజు 21,240 కూడా మిగులుతుంది. సెటిల్‌మెంట్ ఇవ్వాలా వద్దా అనేది బ్యాంకు తన బోర్డు విధానం ప్రకారం నిర్ణయించుకుంటుంది.

ఫీజు కంటే పెద్ద ఖర్చులు వేరే ఉన్నాయి. క్రెడిట్ రిపోర్టులో ఖాతా ‘సెటిల్డ్’ అని నమోదవుతుంది. ఆ సమాచారాన్ని అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ బ్యూరోలు కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. 2023 జూన్ 8 నాటి ఆర్‌బీఐ ఉత్తర్వు ప్రకారం, సెటిల్ చేసుకున్న మనిషికి ఆ రుణసంస్థ మళ్లీ అప్పివ్వాలంటే వ్యవసాయ రుణాలు మినహా కనీసం 12 నెలలు ఆగాలి. ఇక ‘హామీ లేని అప్పు కాబట్టి కేసు ఉండదు’ అన్న మాట సగమే నిజం. అప్పు కట్టలేకపోవడం సివిల్ వ్యవహారమే. కానీ అప్పుకు ఇచ్చిన చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138, ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లే వాయిదా బౌన్సయితే 2007 నాటి చెల్లింపుల చట్టం సెక్షన్ 25 వర్తిస్తాయి. నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా ఆ మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడే అవకాశం ఉన్న నేరాలివి. ‘కట్టడం ఆపేయండి’ అని ఫోన్‌లో చెప్పేవాళ్లు ఈ సెక్షన్ల పేరు ఎత్తరు. కుటుంబాన్ని కోర్టు మెట్లెక్కించగల సమాచారాన్ని దాచి సలహా ఇవ్వడం సలహా కాదు.

ఇంతకంటే ప్రమాదకరమైనవి మరో రకం. రుణమాఫీ పత్రాలు ఇప్పిస్తామంటూ సేవా రుసుము, లాయర్ ఫీజు వసూలు చేస్తున్న వారి గురించి 2023 డిసెంబరు 11న ఆర్‌బీఐ బహిరంగంగా హెచ్చరించింది. అలాంటి పత్రాలిచ్చే అధికారం వాళ్లకు లేదు.

సెటిల్‌మెంట్ అసలే వద్దని దీని అర్థం కాదు. ఉద్యోగం పోయి, జబ్బు చేసి, ఆదాయం తిరిగి రాదని తేలినప్పుడు అదే సరైన దారి కావచ్చు. 12,000 మిగులున్న ఇంటికి అది మొదటి దారి కాకూడదు.

## తెరిచి ఉన్న ఉచిత తలుపులు

మొదటిది అప్పిచ్చిన సంస్థే. వాయిదా తప్పక ముందే వెళ్లడం ముఖ్యం. ఒకసారి మొండి బాకీగా మారాక బ్యాంకు చేతిలో వెసులుబాట్లు తగ్గిపోతాయి. కార్డు బాకీని తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని, పర్సనల్ లోన్ కాలవ్యవధి పెంచమని రాతపూర్వకంగా అడగాలి. జీతం స్లిప్, ఖర్చుల పట్టిక, మిగతా అప్పుల వివరాలు జత చేయాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా అడిగినదానికి ‘కుదరదు’ అన్న సమాధానం తేలిగ్గా వస్తుంది. తేదీ వేసి, రసీదు తీసుకున్న ఉత్తరానికి ఎవరో ఒకరు బదులు రాయాలి.

మన ఉద్యోగి ఇంట్లో తగినంత బంగారం ఉందనుకుందాం. నూటికి రూపాయి వడ్డీకి బ్యాంకులో 1,80,000 బంగారు రుణం తీసుకుని కార్డు, యాప్ రెండూ మూసేస్తే, ఆ రెంటి నెల వడ్డీ 6,456 నుంచి 1,800కు దిగుతుంది. పర్సనల్ లోన్‌ను 60 నెలలకు పొడిగిస్తే వాయిదా దాదాపు 7,300. మిగిలిన 4,700 బంగారు రుణానికి కడితే నాలుగేళ్లు దాటిన కొద్ది రోజులకు నగలు ఇంటికొస్తాయి. ఆ తర్వాత మొత్తం 12,000 పర్సనల్ లోన్‌కు మళ్లిస్తే అంతా కలిపి సుమారు 56 నెలల్లో తీరుతుంది. వడ్డీ పూర్తిగా ఆగితే 40, ఏమీ చేయకపోతే 95, ఇలా చేస్తే 56. ఏ కంపెనీ అవసరం లేకుండా, రిపోర్టులో ‘సెటిల్డ్’ మచ్చ లేకుండా. షరతులు రెండు: కార్డును మళ్లీ గీకకూడదు, బంగారు రుణం గడువు మర్చిపోకూడదు. చాలా బంగారు రుణాలు ఏడాది గడువువి, తిరగరాయించుకోకపోతే నగలు వేలానికి వెళతాయి.

రెండో తలుపు ఆర్థిక అక్షరాస్యత కేంద్రం. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్ కార్యాలయంలో అడిగితే చెబుతారు. రాష్ట్ర స్థాయిలో బ్యాంకర్ల కమిటీ బాధ్యత తెలంగాణలో స్టేట్ బ్యాంకు, ఆంధ్రప్రదేశ్‌లో యూనియన్ బ్యాంకు చూస్తున్నాయి. పైన చెప్పిన పరిమితి ఇక్కడ వర్తిస్తుంది: వీళ్లు పట్టిక వేసిపెట్టగలరు, ఏ పథకానికి అర్హత ఉందో చెప్పగలరు, ముగ్గురు అప్పులవాళ్లతో బేరం మాత్రం చేయరు.

మూడోది లోక్ అదాలత్, తెలుగు జిల్లాల్లో తగినంత ప్రచారం లేని దారి ఇదే. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద నడుస్తుంది. కేసు పడకముందే కూడా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. బ్యాంకు ప్రతినిధి ఎదురుగా కూర్చుంటాడు, వాయిదాలు, వడ్డీ మాఫీ మాట్లాడుకోవచ్చు. న్యాయసేవల సహాయ నంబరు 15100. ఒక జాగ్రత్త: అక్కడ సంతకం చేసిన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. నెలకు 12,000 మిగిలే మనిషి ఆ ఉత్సాహంలో 18,000కు ఒప్పుకుంటే డిక్రీ అమలుకు వస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60 ప్రకారం జీతంలో మొదటి 1,000, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు మాత్రమే జప్తుకు మినహాయింపు. 46,000 జీతానికి 15,000 దాకా పోతుందన్నమాట, ఆ ఇంట్లో మిగిలే దానికంటే ఎక్కువ.

నాలుగోది ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్. దీన్ని చాలామంది రుణమాఫీ చేసే అధికారిగా ఊహించుకుంటారు. సెటిల్‌మెంట్ ఇవ్వకపోవడం బ్యాంకు వాణిజ్య నిర్ణయం, అందులో అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోడు. తప్పుడు చార్జీలు, రికవరీ వేధింపులు, జవాబివ్వకపోవడం వంటివి ఆయన పరిధి. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగాలి. వివరాలకు 14448. రికవరీ ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని 2022 ఆగస్టు నుంచి స్పష్టమైన ఆదేశం ఉంది. బంధువులకు, ఆఫీసు సహోద్యోగులకు ఫోన్ చేసి పరువు తీయడం కూడా నిషిద్ధమే. కార్డులు మినహా మిగతా రుణాల మీద జరిమానాను వడ్డీగా కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేయడం 2024 నుంచి కుదరదు. డబ్బు తీసుకుని ‘ఫోన్ల నుంచి రక్షణ’ అమ్ముతున్న కంపెనీలు చాలావరకు ఈ నిబంధనల్నే అమ్ముతున్నాయి.

## ఎవరినైనా ఒప్పుకునే ముందు

ఉచితమన్న ప్రతి సేవనూ ఒక ప్రశ్నతో మొదలుపెట్టాలి: ఈ సంస్థకు జీతాలు ఎక్కడినుంచి వస్తాయి? బ్యాంకు విరాళం, ప్రభుత్వం, న్యాయసేవల నిధి అయితే ఆ జవాబు దాచాల్సిన పని లేదు. జవాబు నసుగుతూ వస్తే, ఉచిత సలహా చివర కొత్త లోన్ అంటగట్టి కమీషన్ తీసుకునే ఏర్పాటు ఉండొచ్చు.

ఆ తర్వాత డబ్బు నడిచే దారి. కట్టే ప్రతి రూపాయీ నేరుగా సొంత లోన్ ఖాతాలోకి వెళ్లాలి. మధ్యలో మరొకరి ఖాతా, వ్యక్తిగత యూపీఐ నంబరు ఉన్నాయంటే అక్కడే ఆగిపోవాలి. ఆధార్ ఓటీపీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, సంతకం చేసిన ఖాళీ చెక్కు అడిగేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆదాయ వ్యయాల పట్టిక అడగకుండానే ‘ఇంత శాతం తగ్గిస్తాం’ అని అంకె చెప్పేవాళ్లు ఆ ఇంటి పరిస్థితి చూసి చెబుతున్నది కాదు. మంచి సలహాదారు మొదటి అరగంట అద్దె, పాలు, ఫీజుల గురించే అడుగుతాడు.

సలహాకు వెళ్లేముందు క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోవడం మేలు. ప్రతి బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మర్చిపోయిన కార్డు, తీరినా మూయని ఖాతా అందులో బయటపడుతుంటాయి. తప్పు మీద ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం రావాలి.

## నోట్లు, చేబదుళ్ల సంగతి

తెలుగు ఇళ్లలో అప్పుల జాబితా బ్యాంకులతో ఆగదు. ప్రామిసరీ నోటు మీద తెచ్చింది, చిట్టీ పాడుకున్నది, బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నది ఉంటాయి. ఏ కంపెనీ ప్లాన్‌లోనూ ఇవి కనబడవు, కానీ ముందుగా డబ్బు పోయేది వీటికే, ఎందుకంటే అడిగే మనిషి గుమ్మంలో ఉంటాడు. పట్టికలో ఇవి రాయకపోతే ఆ 12,000 అన్న అంకే తప్పవుతుంది.

నోటు మూడేళ్లకు కాలం చెల్లుతుందని అందరికీ తెలుసు. ఆ మూడేళ్లు నిండకముందే కొంత కట్టి నోటు వెనక ‘చెల్లు’ వేసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయన్నది అంతమందికి తెలియదు. బ్యాంకు అప్పులకూ ఇదే సూత్రం. పాత బాకీ మీద ‘ముందు ఒక వెయ్యి కట్టండి, మంచి ఉద్దేశం కనబడుతుంది’ అని రికవరీ ఏజెంటు అడగడంలో ఈ లెక్క కూడా ఉండొచ్చు. కట్టడం తప్పు కాదు, తీర్చాలనుకున్న అప్పుకు కట్టాల్సిందే. దాని ఫలితం తెలిసి కట్టాలి.

చివరి వాయిదా కట్టిన రోజు పని పూర్తయినట్టు కాదు. బ్యాంకు నుంచి బాకీ లేదన్న పత్రం, సెటిల్‌మెంట్ అయితే ఎంతకు, ఏ తేదీలోపు, మిగిలింది రద్దు అని బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం, ఆటో డెబిట్ రద్దయిన రుజువు తీసుకోవాలి. నోటు అయితే అసలు కాగితం వెనక్కి తీసుకుని, రెవెన్యూ స్టాంపు మీది సంతకం అడ్డంగా చించేయాలి. రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు మరోసారి తెరిచి, ఆ ఖాతా ఎదురుగా ‘క్లోజ్డ్’ అన్న మాట పడిందో లేదో చూసుకోవాలి.